నిర్జల పారణ

ఆ ఉదయం పరిశోధనశాల బల్ల మీద ఎండిన వస్తువులు రెండు ఉన్నాయి. ఒకటి బొగ్గుపొడి వంటి చిటికెడు నాచు. రెండవది గుప్పెట్లో ఇమిడే కంజుపిట్ట. రెక్కలు ఒంటికి అతుక్కొని, కళ్లు లోపలికి పోయి, వక్కవలె గట్టిపడి ఉంది. రెంటిలోనూ నీరు లేదు. నీరు లేకపోయినంత మాత్రాన అవి చచ్చినవి కావని నిరూపించడానికే వకుళ, ఆమె భర్త అహోబలం కొన్నేళ్లుగా లంకమల అడవి అంచున ఆ రాతి భవనంలో కాపురం ఉంటున్నారు.

వకుళ నాచు మీద ఒక్క నీటిచుక్క విడిచింది. నల్లని పొడి కదిలింది, పొరలు విప్పుకొంది, చూస్తుండగానే వరినారు చాళ్లవలె పచ్చబడింది.

“ఇక మీ వంతు,” అంది భర్తతో.

అహోబలం పిట్ట ముక్కు సందున మరొక చుక్క విడిచాడు. ఎండిన మెడ మెత్తబడింది. ఇద్దరూ వంగి చూశారు. కొంతసేపటికి ముక్కు పక్క నుంచి పలచని నల్లని రసం కారింది. గదిలో కుళ్లు వాసన వ్యాపించింది. అతడు దానిని గుడ్డలో చుట్టాడు.

“ఇదీ పాయెనా సార్?” అన్నాడు వాకిట నిలిచిన హుసేనయ్య. అతడు అడవి కాపలాదారు. ఉదయం పూట పని లేకపోతే వచ్చి ఈ వింత చూస్తుంటాడు.

“పోయింది.”

“మ్యాడం పాచి మాత్రం యాపొద్దూ లేస్తాది. మావోళ్లు దాన్ని చచ్చిలేసే పాచి అనేది ఊరికే కాదు.”

ఆ నాచు లంకమల కొండలో ఒకే ఒక్క చోట, ఒక జలపాతం వెనుక రాతి చీలికలో పెరుగుతుంది. ఆరేళ్లుగా ఆ జలపాతం పారలేదు. పెన్న అనే పేరు ఇసుకకే మిగిలింది. అయినా నాచు చావలేదు. బెల్లపుపాకంలో ఊరిన ఉసిరికాయ చెడనట్లే, నీరు విడిచిపోయే వేళ దాని కణకణాన్నీ ఒక పాకం కమ్ముకొని కాపాడుతుంది. వకుళ ఆ పాకాన్ని వేరుచేయగలిగింది. దానిని ఒక ప్రాణి నెత్తురులోకి ఎక్కించి, పచ్చినాచును నూరి నీరు ముందుగా విడిచే పెదవులకూ కనురెప్పలకూ పట్టించి, గాజుపెట్టెలో ఉంచి ఒంట్లోని నీటిని మెల్లగా లాగివేస్తే, ఆ ప్రాణి నాచువలె నిద్రపోతుంది. నిద్రపుచ్చడం వారికి వచ్చింది. లేపడమే రాలేదు.

అహోబలం మరొక ఎండుపిట్టను తీసి, దానిని తడపకుండా, చొక్కా గుండీలు విప్పి పొట్టకు ఆనించుకొని కుర్చీలో కూర్చున్నాడు.

“ఏమిటా వేషం?” అంది వకుళ.

“పెట్ట చేసే పనే.”

“సార్ కూడా పొదుగుడుకు కూర్చునె,” అన్నాడు హుసేనయ్య. “ఇంగ మేత నేను తెచ్చి పెట్టల్లనేమో.”

చాలాసేపటికి పిట్ట ఒళ్లు మనిషి ఒంటి వెచ్చదనానికి వచ్చింది. అప్పుడు అతడు దాని ముక్కున ఒక చుక్క విడిచాడు. రెక్క ఒకటి వణికింది. రొమ్ము ఎగసింది. పిట్ట ఒక కన్ను తెరిచి, తనను పొదిగినవాని చొక్కా మీద రెట్ట వేసింది.

నవ్వులు సద్దుమణిగాక అహోబలం అన్నాడు: “ఇన్నాళ్లూ దీన్ని నాచనుకొన్నాము, అదీ మన తప్పు. నాచుకు నీరు చాలు. నెత్తురు వెచ్చనైన ప్రాణికి ముందు వేడి కావాలి, తరువాతే నీరు. చల్లని ఒంట్లో పడిన నీరు ప్రాణాన్ని లేపదు, ఒంటిని కుళ్లబెడుతుంది.”

వకుళ నవ్వలేదు. ఆమె ఖాళీ గాజుపళ్లెం వంక చూస్తున్నది. ఒక్కొక్క పిట్టను నిద్రపుచ్చడానికి జానెడు మేర నాచు ఖర్చవుతుంది. అది బొటనవేలంత పెరగడానికి పదేళ్లు పడుతుంది. రాతి చీలికలో ఇక మిగిలినది రెండు అరచేతులంత.

“మీ కలివికోడి బొమ్మతో తపాలాబిళ్ల వేశారు, పిల్లలు రంగులు పూస్తారు. అది అంతరించిపోతున్నదంటే ఏడ్చేవాళ్లు దేశమంతా ఉన్నారు. నా నాచుకు కళ్లు లేవు. అందుకే దాని కోసం ఎవరి కళ్లూ చెమర్చవు,” అంది.

“నీ నాచు నూరేళ్లయినా ఓపిక పడుతుంది వకుళా. నా కోడి ఒక్క ఎండాకాలం ఓపలేదు.”

“ఓపిక పట్టే దాన్నే నూరి, ఓపలేని దానికి పోస్తారన్నమాట.”

హుసేనయ్య తలపాగా సర్దుకొని బయటికి నడిచాడు.

కంజుపిట్టల మీద ఈ ప్రయోగాలన్నీ కలివికోడి కోసమే. అది పగలు కలివి పొదల నీడన దాగి, చీకటి పడ్డాక నేల మీద తిరిగే పక్షి. ఎగరగలిగినా ఎగరదు. పరుగెత్తుతుంది. అడవిలో అక్కడక్కడా ఇసుక పరిచి, తెల్లవారి దాని మూడువేళ్ల అడుగుజాడల కోసం వెదకడం అహోబలం నిత్యకృత్యం. ఆ ఏడు ఒకే జాడ కనిపిస్తూ వచ్చింది. అది ఆడదనీ, గుడ్లు పెట్టబోతున్నదనీ అతని నమ్మకం. ఈ కరవులో పుట్టిన పిల్లకు పురుగు దొరకదు, నీడ దొరకదు. గుడ్లను నిద్రపుచ్చి, వానలు తిరిగివచ్చిన ఏడు పొదిగిస్తే జాతి నిలుస్తుంది. మిగిలిన నాచు సరిగ్గా ఆ పనికే చాలుతుందని భార్యాభర్తలిద్దరికీ తెలుసు. ఆ తరువాత నాచు ఉండదని వకుళకు ఒక్కతెకే బాధ.

వాళ్ల ఇల్లు పరిశోధనశాల వెనుకనే. ఇంటి ముందర అహోబలం తల్లి కనకవల్లమ్మ తులసికోట ఉంది. నీటిబండి తెచ్చే వంతు నీటిలో ఆమె తన తాగునీరు తగ్గించుకొని ఆ మొక్కను బతికిస్తున్నది. రోజూ ఉదయం పూజ ముగించి, రాగి పంచపాత్రలో తులసితీర్థం పట్టుకొని బయటికి వస్తుంది. కొడుకు, కోడలు, హుసేనయ్య, నీటిబండివాడు, ఎవరు ఎదురైతే వారు కుడి అరచేయి గుంట చేసి పట్టవలసిందే.

“మొక్కకు పోసి, మనుషులకు పోసి, మీరేం తాగుతారత్తయ్యా?” అని వకుళ ఒకసారి అడిగింది.

“తాగేది ఎంతమ్మా, గొంతు తడిస్తే చాలు. తీర్థం దప్పికకా తాగేది?” అంది ఆమె.

వకుళ తండ్రి దేవుణ్ణి నమ్మని బడిపంతులు. పూజలూ వ్రతాలూ ఆమెకు పుట్టింట తెలియవు. అత్తగారిని నొప్పించడం ఇష్టంలేక ఉదయం అరచేయి పట్టేది. అది తాగి, తడిచేయి తలకు రాసుకోవాలని కూడా హుసేనయ్యను చూసి నేర్చుకొన్నది.

జ్యేష్ఠమాసం వచ్చింది. శుద్ధదశమి నాటి సాయంకాలం హుసేనయ్య పరుగున వచ్చాడు.

“దొరికె సార్. తల్లి సచ్చిపోయింది. ఎండకు తాళలేక పాణం ఇడిసింది గానీ, గుడ్ల మీంద నుంచి మాత్రం లేయలా. రెక్కలు పరిచి అట్లే ఉండాది.”

అహోబలం పెట్టె తీసుకొని అతని వెంట వెళ్లాడు. తల్లిపక్షి రెక్కల కింద, ఉత్త నేల మీద, నల్లమచ్చల పచ్చటి గుడ్లు రెండు ఉన్నాయి. అతడు మోకాళ్ల మీద వంగి రెంటినీ తీసి పెట్టెలోని దూదిలో అమర్చాడు. లేవబోతూ ఎడమచేయి పొద మొదట ఆనించాడు. అక్కడ రక్తపింజర ఉంది.

హుసేనయ్య అతణ్ణి భుజాన వేసుకొని తెచ్చాడు. గుడ్లపెట్టెను మాత్రం అహోబలం దారి పొడవునా ఎవరికీ ఇవ్వలేదు. పరిశోధనశాల మెట్ల మీద భార్య చేతిలో పెట్టి, “చల్లారనివ్వకు,” అన్నాడు. అతని చిగుళ్ల నుంచి నెత్తురు కారుతున్నది.

ఆ కరవులో పాములన్నీ నీటి కోసం ఊళ్ల మీద పడడంతో జిల్లా అంతటా కాటుమందు నిండుకొంది. వకుళ టెలిఫోన్‌లో ఎక్కడెక్కడో అడిగింది. మందు చెన్నపట్నం నుంచి రావాలి. ఎల్లుండి ఉదయానికి గాని అందదన్నారు. మోచేయి దాటి పైకి పాకుతున్న వాపును చూస్తే ఎల్లుండి అన్న మాటకు అర్థం లేదు.

ఆమె దృష్టి శీతలపేటిక మీద పడింది. గుడ్ల కోసం తీసి ఉంచిన పాకం, రాతి చీలికను ఊడ్చి తెచ్చిన చివరి నాచు అందులో ఉన్నాయి.

“వద్దు వకుళా,” అన్నాడు అహోబలం. ఆమె చూపు ఎక్కడికి పోయిందో అతనికి తెలిసింది. “అది వాటిది.”

“నీరు లేని ఒంట్లో విషం కూడా పాకదు. గుడ్లను ఏళ్లు నిలిపే పాకం మిమ్మల్ని రెండు రోజులు నిలుపుతుంది. మందు వచ్చేదాకా నిద్రపొండి. తరువాత లేపుతాను.”

“గుడ్లు?”

“హుసేనయ్య ఇంట్లో కోడి పొదుగులో ఉంది. దాని కింద పెడతాను.”

“నాటుకోడి బరువుకు అవి నిలవవు.”

“నిలవకపోతే నిలవవు,” అంది ఆమె. అంతవరకు ఆ ఇంట ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. “మీ పక్షి కోసం నా నాచునంతా ఇచ్చాను. మీ కోసం మీ పక్షిని ఇస్తున్నాను. దీనికి మీరు అడ్డు చెప్పకండి.”

“ముందు వేడి,” అన్నాడు అహోబలం.

“తరువాత నీరు. మరిచిపోను.”

ఆమె పాకమంతా అతని నెత్తురులోకి ఎక్కించింది. మిగిలిన నాచును నూరి పెదవులకూ కనురెప్పలకూ దట్టంగా పట్టించింది. గాజుపెట్టె తలుపు మూసింది.

మరునాడు ఏకాదశి. సూర్యుడు కొండ మీదికి వచ్చేసరికి అహోబలం శరీరం ఎండుటాకు రంగుకు తిరిగి, చెంపలు ఎముకకు అతుక్కొని, ఏడేళ్ల బాలుని బరువుకు తగ్గింది. వకుళ అతణ్ణి పెట్టె నుంచి తీయించి, పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టింది. చుట్టూ వెచ్చదనమిచ్చే దీపాలు అమర్చింది గాని వెలిగించలేదు. కాటుమందు చేతికి రాకముందు లేపితే విషమూ లేస్తుంది.

పనివాళ్లందరినీ పిలిచి ఒక్కటే చెప్పింది: “ఈ గదిలోకి చెమట చేతితో కూడా ఎవరూ రావద్దు.”

కనకవల్లమ్మ మధ్యాహ్నం వచ్చింది. ఆ రోజు ఆమెకు నిర్జలవ్రతం. ఏటా జ్యేష్ఠ ఏకాదశినాడు పచ్చి మంచినీరైనా ముట్టక ఉపవాసముంటుంది. ఎండిపోయిన పెదవులతో గుమ్మంలో నిలిచి, మంచం మీద ఉన్నదానిని చూసింది. చాలాసేపు ఆమెకు అది తన కొడుకని తోచలేదు.

“వీణ్ణి ఏం చేసినావమ్మా?” అంది.

వకుళ ఆమెను పట్టుకొని బల్ల మీద కూర్చోబెట్టింది. పాకం గురించి, కణాల గురించి చెప్పబోయింది. ఆ మాటలు ఆ ముఖం ముందు నిలవలేదు. చెప్పవలసింది ఆమె భాషలోనే చెప్పాలనుకొంది.

“అత్తయ్యా, మీరీరోజు ఏం వ్రతం పట్టారు?”

“నిర్జల.”

“మీ అబ్బాయీ అదే పట్టారనుకోండి. మీరు ఒక్కరోజు నీరు మానితే ఆయన ఒంట్లో నీరంతా మానేశారు. అంతే తేడా. లోపల ప్రాణం ఉంది. మీ కన్నా గట్టి ఉపవాసం.”

ముసలామె ముఖంలో మెల్లగా ఏదో తేరుకొంది. కొడుకు వంక మళ్లీ చూసింది. ఈసారి చూపులో భయం లేదు.

“చిన్నప్పుడు ఒక్క పూట ఆకలికి ఓర్చుకునేవాడు కాదు,” అంది. “నేను ఏకాదశి ఉంటే వంటింట్లో దూరి నా ఎదురుగానే అటుకులు నమిలేవాడు. ఇప్పుడు నన్ను మించినాడా.” కోడలి వైపు తిరిగి, “ఎప్పుడు లేస్తాడమ్మా?” అంది.

“మందు రాగానే. రేపు ఉదయానికి వచ్చేస్తుంది.”

“రేపు ద్వాదశి శానా తక్కువుందమ్మా. పొద్దు పైకెక్కకముందే దాటిపోతాది. ఆలోగా పారణ కావల్ల.”

అత్తగారు తన భోజనం సంగతి చెబుతున్నదనుకొంది వకుళ. “అలాగే అత్తయ్యా,” అంది.

నీరు తగిలించరాదన్న మాట ఆమెకు విడిగా చెప్పలేదు. నిర్జలమంటే ఏమిటో ఆమెకన్నా బాగా తెలిసినవారు ఆ ఇంట లేరు కనుక, చెప్పవలసిన అవసరం వకుళకు కనిపించలేదు. ఉపవాసం ఎలా మొదలవుతుందో ఆమె చూసింది. ఎలా ముగుస్తుందో ఎన్నడూ అడగలేదు.

ద్వాదశి తెల్లవారింది. హుసేనయ్య వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

“కోడి గుడ్ల మీంద నుంచి లేసిపాయె మ్యాడం. ఒకటి పగిలింది. రెండోది చల్లగుండాది. చెవి కాడ పెట్టుకొని చూసినా. ఏం లేదు.”

వకుళ తల ఊపింది. దుఃఖించడానికి అప్పుడు ఆమెకు వ్యవధి లేదు. మందు తెచ్చే బండి కొండదారిలో ఇసుకలో దిగబడిందని కబురు వచ్చింది. ఆమె మంచం వంక ఒకసారి చూసి, హుసేనయ్యను వెంటబెట్టుకొని ఎదురు వెళ్లింది.

కొండదారిలో మందుపెట్టె ఆమె చేతికి అందింది. దానిని రొమ్ముకు హత్తుకొని తిరిగి వస్తూ, చేయవలసిన పనులు వరుసగా తలచుకొంది. దీపాలు వెలిగించాలి. ఒళ్లు వెచ్చబడేదాకా ఆగాలి. మందు ఎక్కించాలి. అటుపైన ఒక్కొక్క చుక్కగా నీరు. మెట్ల దగ్గరకు వచ్చేసరికి లోపలి నుంచి సన్నగా కేశవనామాలు వినిపించాయి.

కనకవల్లమ్మ మంచం మీద కూర్చొని ఉంది. కొడుకు తల ఆమె ఒడిలో ఉంది. పక్కన రాగి పంచపాత్ర. చేతిలోని ఉద్ధరిణి నుంచి చివరిబొట్టు అతని పెదవుల మీద పడుతున్నది. ఆమె ఇంకా తన గొంతు తడుపుకోలేదు. ముందు బిడ్డచేత వ్రతం పూర్తి చేయించి, తరువాత తాను ముగించుకోవాలనుకొంది.

“వచ్చినావా అమ్మా,” అంది తల ఎత్తి. ఆమె ముఖం వెలుగుతున్నది. “ద్వాదశి దాటిపోతాందని నేనే పారణ చేయించినా. చూడు. పచ్చబడతాండాడు.”

నిజమే. అహోబలం పెదవుల చుట్టూ, తీర్థం తడిపినంత మేరా, లేతపచ్చని వెలుగు పుట్టి కంటికి కనిపించే వేగంతో పాకుతున్నది. ఒకప్పుడు జలపాతం వెనుక, రాతి చీలికలో ఉన్నట్లే నవనవలాడుతున్నది.

వకుళ మందుపెట్టెను నేల మీద దించింది. మంచం పక్కన మోకరించి భర్త చెంపను తాకింది. రాతివలె చల్లగా ఉంది. పెదవి కింద మాత్రం మెత్తబడింది. నోటి కొస నుంచి పలచని నల్లని రసం ఒక చార జారబోయింది. అది అత్తగారి కంట పడకముందే ఆమె చీరకొంగుతో ఒత్తి తుడిచింది. ఆ వాసన తనకు తెలుసు.

“మూతి తుడిచినావా? ఏమన్నా కారిందా?” అంది కనకవల్లమ్మ.

“తీర్థమే అత్తయ్యా,” అంది వకుళ.

గుమ్మంలో హుసేనయ్య తలపాగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకొన్నాడు.

ఆ తరువాత ఆమె దీపాలు వెలిగించింది. మందూ ఎక్కించింది. చేయవలసినదంతా, క్రమం తప్పకుండా, ఫలం లేదని తెలిసి చేసింది. సాయంకాలానికి కనకవల్లమ్మకు కూడా ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

“మందు ఆలస్యమాయె కదమ్మా,” అంది ఆమె.

“ఆలస్యమైంది,” అంది వకుళ.

పాడె ఎత్తే ముందు వకుళ సన్నని పట్టుకారుతో భర్త పెదవుల మీది, కనురెప్పల మీది పచ్చదనాన్ని పొర తెగకుండా ఎత్తి గాజుపళ్లెంలో ఉంచింది. భూమి మీద ఆ జాతిలో మిగిలినది అంతే. చుట్టూ ఉన్నవాళ్లు ముఖాలు తిప్పుకొన్నారు. కనకవల్లమ్మ తిప్పుకోలేదు.

“అదేందమ్మా?”

“నాచు.”

“బతుకుతాదా?”

“బతుకుతుంది అత్తయ్యా.”

ఆషాఢంలో వాన వచ్చింది. ఆరేళ్లకు వచ్చిన వాన. పెన్నలో ఎర్రనీళ్లు దిగాయి. లంకమల మీద జలపాతం దుమికే చప్పుడు పరిశోధనశాలకు వినిపించింది. అడవిలో పరిచిన ఇసుక మీద కుందేళ్ల జాడలున్నాయి, నక్కల జాడలున్నాయి. మూడువేళ్ల జాడ లేదు. హుసేనయ్య మాత్రం ప్రతి ఉదయం వెళ్లి ఇసుక చదును చేసి వస్తూనే ఉన్నాడు.

ఒక ఉదయం కనకవల్లమ్మ మునుపటివలెనే తీర్థం పట్టుకొని బయటికి వచ్చింది. కొడుకు పోయాక పూజ అదే మొదలు. హుసేనయ్య ఎదురయ్యాడు. ఉద్ధరిణి చాచింది. అతడు చేయి చాచబోయి ఆగిపోయాడు. కన్నీళ్లు ఆపుకోలేక, “రేపు తీసుకుంటా అమ్మా,” అని దిగబడుతూ లేస్తూ బురదలో వెళ్లిపోయాడు.

ఆమె పంచపాత్రలోకి చూసింది. వసారాలో నాచుపళ్లెం ముందు కూర్చొన్న కోడలి దగ్గరకు వచ్చింది.

“వకుళమ్మా, నిజం చెప్పు. నువ్వు ఉపవాసమంటివి. నేను పారణ చేయిస్తిని. వాడు నా చేతి నీళ్లకే...”

చూరు నుంచి వాన ధారగా పడుతున్నది. పళ్లెంలో నాచు ఎత్తి ఉంచినంత మేరా పచ్చగా ఉంది. తాను ఆనాడు చెప్పినదానిలో ఒక్క మాట మారి ఉంటే చాలునని వకుళ ఎన్నిసార్లు తలచుకొన్నదో ఆమెకే తెలుసు. ఆ మాట తనది. దానిని మోయవలసినది తానే.

“ద్వాదశి దాటలేదు అత్తయ్యా,” అంది. “వేళకే ఇచ్చారు.”

కుడి అరచేయి గుంట చేసి చాచింది. ముసలామె ఒక ఉద్ధరిణి తీర్థం పోసింది. వకుళ తాగి, తడిచేయి తలకు రాసుకొంది.